శిక్ష పడిన ఆటగాడు మళ్లీ బరిలోకి

లైంగిక నేరం రుజువై జైలుకెళ్లిన ఆటగాడు బయటికొచ్చాక మళ్లీ పెద్ద పోటీల్లో ఆడవచ్చా? క్రీడా సంఘాల నియమావళిలో దీనికి సూటి జవాబు దాదాపు ఎక్కడా దొరకదు. కొంతవరకైనా కాగితం మీద జవాబు ఉన్న చోటు బొగ్గు బాయి. రామగిరి, గోదావరిఖని ప్రాంతంలో తరాలుగా ఆటగాడంటే ముందు కంపెనీ మనిషి. ఉద్యోగం ఉంటేనే కంపెనీ జట్టులో చోటు. ఆ ఉద్యోగం ఏ తప్పుకు పోతుందో స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే కంపెనీ ఉద్యోగ నియమాల్లో, రాసి ఉంటుంది.

1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు జాడ పట్టుకున్నాడు. 1889లో తవ్వకం మొదలైంది, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ నమోదైంది. గోదావరిఖని వైపు బాయిలు 1960ల నుంచి తెరుచుకున్నాయి. బాయిల వెంట క్వార్టర్లు, క్వార్టర్ల వెంట గ్రౌండ్లు వచ్చాయి. గోదావరిఖనిలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, రామగిరి ఖిల్లా చుట్టుపక్కల రామగుండం-3 (ఆర్జీ-3) ఏరియాకు చెందిన సెంటినరీ కాలనీలోని రాణి రుద్రమదేవి స్టేడియం కంపెనీవే. వర్క్ పీపుల్స్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ పేరిట పోటీలు జరుగుతాయి. ముందు ఏరియా స్థాయి, తర్వాత కంపెనీ స్థాయి, అక్కడ రాణించినవాళ్లకు కోలిండియా పోటీలు. కబడ్డీ, వాలీబాల్, బాల్ బ్యాడ్మింటన్, పవర్ లిఫ్టింగ్ ఆడినవాళ్లలో పొద్దున షిఫ్టు దిగి సాయంత్రం కోర్టులో నిలబడ్డవాళ్లే ఎక్కువ. 1990ల మొదట్లో కార్మికుల సంఖ్య లక్ష దాటిన రోజుల్లో ఈ ఆటల సందడికి తగ్గట్టే జనమూ ఉండేవారు.

ఇలాంటి జట్టులో ఒకడి మీద అత్యాచారం కేసు పడితే క్రీడా కమిటీ కూర్చుని తర్జనభర్జన పడే అవసరం రాదు. అరెస్టయితే మస్టరు పడదు. ఆపైన సస్పెన్షన్, చార్జిషీటు, విచారణ వరసగా వస్తాయి. కోర్టులో శిక్ష పడితే దారి ఇంకా దగ్గర. ‘నైతిక పతనంతో కూడిన నేరం’లో శిక్ష పడటాన్ని బొగ్గు గనుల మోడల్ స్టాండింగ్ ఆర్డర్లు దుష్ప్రవర్తనగానే లెక్కిస్తాయి. దానికి డిస్మిస్ దాకా వెళ్లవచ్చు. నౌకరీ పోయినవాడి పేరు జట్టు జాబితాలోకి ఎక్కదు. 1946 నాటి పారిశ్రామిక ఉపాధి చట్టం కింద రూపుదిద్దుకున్న ఈ ఏర్పాటులో ఆట అన్న మాటే లేదు. దొంగ సర్టిఫికెట్ పెట్టినవాడికీ, ఆడపిల్లపై అత్యాచారం చేసినవాడికీ ఒకే అధ్యాయం. అది దాని బలహీనత కూడా. కంపెనీ తన పరువు, క్రమశిక్షణ చూసుకుంటుంది తప్ప బాధితురాలి మాట అందులో ఎక్కడా ఉండదు.

కోర్టు నిర్దోషిగా వదిలేస్తే ఏం చేయాలన్నది కూడా గనుల కేసుల్లోనే నలిగింది. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో పనిచేసిన కోలారు బంగారు గనుల నుంచి వచ్చిన కెప్టెన్ ఎం. పాల్ ఆంథోనీ కేసులో 1999లో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. శాఖాపరమైన విచారణకూ, క్రిమినల్ కేసుకూ ఆధారాలు ఒకటే అయి, కోర్టు వాటిని నమ్మకుండా నిర్దోషిగా వదిలిపెట్టినప్పుడు డిస్మిస్ నిలబడదని చెప్పింది. అది దొంగతనం కేసు, లైంగిక నేరం కాదు. నిర్దోషిగా తేలిన ప్రతివాడికీ నౌకరీ తిరిగి ఇవ్వాలన్న అర్థమూ ఆ తీర్పుకు లేదు. సాక్షులు తిరగబడటం వల్లో, అనుమానం లాభం కిందో బయటపడ్డవాళ్లను యాజమాన్యం వెనక్కి తీసుకోనక్కర్లేదని తర్వాతి తీర్పులు చాలాసార్లు చెప్పాయి. 2025 ఫిబ్రవరిలో వెస్ట్రన్ కోల్‌ఫీల్డ్స్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. నైతిక పతనానికి సంబంధించిన తప్పు మీద ఉద్యోగం తీసేస్తే, క్రిమినల్ కోర్టులో శిక్ష పడకున్నా గ్రాట్యుటీ ఆపవచ్చని తేల్చింది. అంటే బొగ్గు కంపెనీ జట్టులో ఆడేవాడికి ఆట, జీతం, చివరి సొమ్ము మూడూ ఒకే తాటికి కట్టి ఉన్నాయి.

టికెట్లు అమ్ముకునే ఆటల్లో ఇలాంటి తాడు లేదు. అక్కడి చరిత్ర మైక్ టైసన్‌తో మొదలుపెట్టడం రివాజు. 1992 ఫిబ్రవరిలో ఇండియానాపొలిస్ కోర్టులో అత్యాచారం రుజువై, మరుసటి నెల ఆరేళ్ల జైలు పడింది. మూడేళ్లు నిండకుండానే 1995 మార్చిలో బయటికొచ్చాడు. ఆగస్టులో లాస్ వెగాస్ బరిలో నిలిస్తే పోటీ నిమిషంన్నరలో ముగిసింది, టికెట్ల డబ్బు మాత్రం కోట్ల డాలర్లలో రాలింది. మరుసటి మార్చిలో ఫ్రాంక్ బ్రూనోను ఓడించి ప్రపంచ టైటిల్ మళ్లీ గెలుచుకున్నాడు. హార్లెంలో స్వాగత సభ తలపెట్టినప్పుడు గట్టిగా అడ్డుపడింది నల్లజాతి మహిళలే. 2000లో మాంచెస్టర్ పోటీ కోసం బ్రిటన్‌లోకి రానివ్వాలా వద్దా అని పెద్ద రగడ జరిగింది, చివరకు హోం మంత్రి జాక్ స్ట్రా అనుమతించాడు. బాక్సింగ్ సంఘాలు నోరు మెదపని చోట ఆ ప్రశ్న వీసా ఆఫీసు ముందుకు చేరిందన్నమాట.

ఆ టైసన్‌నే 2022 ఆగస్టులో వచ్చిన ‘లైగర్’లో తెలుగు ప్రేక్షకులు చూశారు. పూరి జగన్నాథ్ దర్శకత్వంలో విజయ్ దేవరకొండ పక్కన ఆయన కనిపించడం సినిమాకు పెద్ద ఆకర్షణగా ప్రచారమైంది. పాత శిక్ష మాట ఆ ప్రచార హోరులో పెద్దగా వినిపించలేదు. పేరు మోసినవాడికి ముప్పై ఏళ్ల దూరం ఎంత చక్కగా పనికొస్తుందో దీన్ని మించిన తెలుగు ఉదాహరణ వెతకనక్కర్లేదు.

టైసన్ కథలో తీర్పు చివరిదాకా నిలబడింది. చాలా పేరుమోసిన కేసుల్లో అది నిలబడలేదు. ఈ చర్చలో తరచు మరుగున పడే సంగతి ఇదే. దక్షిణాఫ్రికా టెస్టు జట్టులో ఆడిన తొలి నల్లజాతి ఆఫ్రికన్ క్రికెటర్ మఖాయా ఎన్తినికి 1999లో అత్యాచారం కేసులో ఆరేళ్ల శిక్ష పడింది. అదే ఏడాది అప్పీలులో నిర్దోషిగా తేలాడు. తర్వాత ఆడి మొత్తం 390 టెస్టు వికెట్లు తీశాడు. వేల్స్ ఫుట్‌బాల్ ఆటగాడు చెడ్ ఎవాన్స్‌కు 2012లో ఐదేళ్లు పడ్డాయి. సగం శిక్ష అనుభవించి 2014 అక్టోబరులో బయటికి రాగానే పాత క్లబ్బు షెఫీల్డ్ యునైటెడ్ శిక్షణకు రానిస్తానంది. లక్షన్నరకు పైగా జనం వద్దని సంతకాలు పెట్టారు. ఆ ఊరి ఒలింపిక్ విజేత జెస్సికా ఎన్నిస్-హిల్, అతన్ని తీసుకుంటే స్టేడియంలో తన పేరున్న స్టాండ్ నుంచి పేరు తీసేయమంది. క్లబ్బు వెనక్కి తగ్గింది. 2015 జనవరిలో ఓల్డమ్ క్లబ్బూ అంతే చేసింది. 2016లో శిక్ష కొట్టేసి మళ్లీ విచారణ జరిపితే జ్యూరీ నిర్దోషి అంది. ఆ విచారణలో ఫిర్యాది పాత లైంగిక సంబంధాలను కోర్టులో తవ్వడం మీద బ్రిటన్‌లో వేరే దుమారం లేచింది.

మన పక్కింటి కేసు నేపాల్‌ది. సందీప్ లామిఛానే ఐపీఎల్ ఆడిన తొలి నేపాలీ, కాబట్టి తెలుగు క్రికెట్ అభిమానులకు తెలిసిన ముఖం. కెప్టెన్‌గా ఉండగా 2022 సెప్టెంబరులో అత్యాచారం కేసు నమోదైంది. బోర్డు సస్పెండ్ చేసింది. 2023 జనవరిలో బెయిలు వచ్చింది, మరుసటి నెలలోనే మళ్లీ దేశం జట్టులో బంతి పట్టాడు. కీర్తిపూర్‌లో ఆట అయ్యాక నమీబియా, స్కాట్లాండ్ ఆటగాళ్లు అతనితో చేయి కలపలేదు. ప్రకటనలు, ప్లకార్డులు లేని నిరసన అది. 2023 డిసెంబరు చివర్లో కఠ్మాండూ జిల్లా కోర్టు దోషిగా తేల్చింది, జనవరిలో ఎనిమిదేళ్ల జైలు వేసింది, బోర్డు మళ్లీ సస్పెండ్ చేసింది. 2024 మే 15న పాటన్ హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అప్పటికి టీ20 ప్రపంచకప్ రెండు వారాల దూరంలో ఉంది. జట్టులో చోటు దొరికింది కానీ అమెరికా వీసా దొరకలేదు. వెస్టిండీస్‌లో జరిగిన మ్యాచ్‌లు మాత్రమే ఆడాడు. రెండేళ్లలో బోర్డు నాలుగుసార్లు మాట మార్చినట్టు కనిపిస్తుంది. నిజానికి బోర్డుకు సొంత మాటంటూ లేదు. కోర్టు ఎటు అంటే అటు తిరిగింది. సింగరేణి కార్మికుడికైతే బెయిలు మీద వచ్చినంత మాత్రాన సస్పెన్షన్ ఎత్తేయాలని లేదు.

శిక్ష నిలబడి, పూర్తయి, ఆ తర్వాత అత్యున్నత వేదిక దాకా వెళ్లిన ఇటీవలి ఉదాహరణ డచ్ బీచ్ వాలీబాల్ ఆటగాడు స్టీవెన్ వాన్ డి వెల్డె. 2014లో పన్నెండేళ్ల బ్రిటిష్ బాలికపై చేసిన నేరానికి 2016లో ఇంగ్లండ్ కోర్టు నాలుగేళ్లు వేసింది. నెదర్లాండ్స్‌కు బదిలీ అయ్యాక అక్కడి చట్టం ప్రకారం శిక్ష తగ్గి, మొత్తం పదమూడు నెలలకే బయటపడ్డాడు. 2017లో ఆట మొదలుపెట్టాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు డచ్ సంఘం అతన్ని పంపింది. కాకపోతే క్రీడాగ్రామంలో ఉంచకుండా బయట బస ఏర్పాటు చేసింది. ఈఫిల్ టవర్ దగ్గరి కోర్టులో అడుగు పెట్టిన ప్రతిసారీ జనం గేలి చేశారు. ఆడటానికి పనికొస్తాడు, మిగతా ఆటగాళ్ల మధ్య పడుకోవడానికి పనికిరాడు అన్నట్టున్న ఆ ఏర్పాటుకు తర్కం వెతకడం కష్టం. అయితే సంఘం తెలిసో తెలియకో ఒక తేడాను ఒప్పుకుంది. బతకడానికి పని చేసుకునే హక్కు ఒకటి, దేశం జెండా మోసే గౌరవం మరొకటి. హైదరాబాద్‌లో చంచల్‌గూడ జైలు పెట్రోలు బంకులో ఖైదీలు పోసే పెట్రోలు జనం అభ్యంతరం లేకుండా పోయించుకుంటున్నారు. శిక్ష పడినవాడు పని చేసి బతకడాన్ని సమాజం కాదనడం లేదు. గొడవ ఎక్కువగా రెండోదాని మీదే.

భారతదేశంలో ఈ ప్రశ్న వేరే దారిలో నడిచింది. ఇక్కడ తారస్థాయి ఆటగాళ్లకు శిక్ష పడి, వాళ్లు తిరిగి రావడం మీద చర్చ జరిగిన కేసులు వెతికినా దొరకడం కష్టం. కోచ్‌లు, సంఘాల పెద్దలు, హాస్టళ్ల అధికారుల మీద మాత్రం ఫిర్యాదుల వరస పొడుగ్గా ఉంది. జట్టులో చోటు, హాస్టల్ గది, విదేశీ టూరు వాళ్ల చేతిలో ఉంటాయి గనక.

అధికారం చేతిలో ఉన్నవాడి లైంగిక నేరాన్ని చట్టం వేరుగా చూడటం వెనక హైదరాబాద్ చరిత్ర ఉంది. 1978 మార్చిలో నల్లకుంట పోలీసుల చేతిలో రమీజాబీ అత్యాచారానికి గురైంది, ఆమె భర్త దెబ్బలకు చనిపోయాడు, నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కేసు రాయచూరుకు బదిలీ అయ్యాక 1981లో వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆమె నడవడి మీద బురద చల్లడమే పోలీసుల వాదనలో పెద్ద భాగం. ఈ ఘటన, మహారాష్ట్రలో పోలీసుల కస్టడీలో జరిగిన మథుర అత్యాచారం కేసు కలిసి లేపిన ఉద్యమం వల్ల 1983లో శిక్షాస్మృతి మారింది. కస్టడీలో, అధికారం అడ్డుపెట్టుకుని చేసే నేరాలకు వేరే సెక్షన్లు వచ్చాయి. అత్యాచార కేసులో ఫిర్యాది నడవడిని ఎత్తిచూపడానికి వీలిచ్చే సాక్ష్య చట్టం నిబంధన మాత్రం 2003 సవరణతో గానీ పోలేదు. 2013లో ‘అధికార స్థానం, నమ్మకపు సంబంధం’ ఉన్నవారందరికీ ఆ సెక్షన్లలో ఒకటి విస్తరించింది. కోచ్ ఆ మాటల పరిధిలోకి వస్తాడు.

క్రీడల్లో శిక్ష దాకా వెళ్లిన అతి ప్రసిద్ధ కేసు హర్యానాది. 1990 ఆగస్టులో పంచకులలో పద్నాలుగేళ్ల టెన్నిస్ క్రీడాకారిణి రుచికా గిర్హోత్రాతో అసభ్యంగా ప్రవర్తించినవాడు రాష్ట్ర లాన్ టెన్నిస్ సంఘం అధ్యక్షుడు, ఐజీ హోదాలోని పోలీసు అధికారి ఎస్.పి.ఎస్. రాథోడ్. సెప్టెంబరులోనే శాఖాపరమైన విచారణ కేసు పెట్టాలని చెప్పింది. పెట్టలేదు. 1993 డిసెంబరులో ఆ పిల్ల ఆత్మహత్య చేసుకుంది. నిందితుడు పదోన్నతులు పొంది డీజీపీ అయ్యాడు. 2009 డిసెంబరులో కోర్టు దోషి అంటూ ఆరు నెలల జైలు, వెయ్యి రూపాయల జరిమానా వేసింది. 2010లో పై కోర్టు దాన్ని ఏడాదిన్నర చేసింది. 2016లో సుప్రీంకోర్టు దోషిత్వాన్ని ఖాయం చేసి, వయసు దృష్ట్యా అప్పటికే అనుభవించినదే శిక్షగా సరిపెట్టింది. ఘటనకూ తొలి తీర్పుకూ మధ్య పందొమ్మిదేళ్లు. ‘శిక్ష తర్వాత తిరిగి రావచ్చా’ అన్న ప్రశ్న ఈ కేసుకు అతకదు. అతను ఎక్కడికీ వెళ్లనే లేదు.

శ్రీకాకుళం జిల్లా నుంచి సిడ్నీ కాంస్యం దాకా వెళ్లిన కరణం మల్లీశ్వరి 2010లో జూనియర్ వెయిట్‌లిఫ్టర్లను ఒక కోచ్ వేధిస్తున్నాడని బహిరంగంగా మాట్లాడింది. అదే ఏడాది మహిళల హాకీ జట్టులోనూ ఫిర్యాదు వచ్చి చీఫ్ కోచ్ తప్పుకున్నాడు. ఆగస్టులో కేంద్ర క్రీడా శాఖ, పని ప్రదేశంలో వేధింపులపై సుప్రీంకోర్టు ఇచ్చిన 1997 నాటి విశాఖ తీర్పును ఆధారం చేసుకుని, లైంగిక వేధింపుల నివారణకు సంఘాలకు ఆదేశాలు పంపింది. 2012లో పిల్లలపై లైంగిక నేరాల నిరోధక చట్టం పోక్సో, 2013లో పని ప్రదేశంలో వేధింపుల నిరోధక చట్టం వచ్చాయి. రెండో చట్టం పని ప్రదేశం అన్న మాటలోకి స్టేడియాన్ని, శిక్షణ కేంద్రాన్ని, పోటీ వేదికను పేరు పెట్టి మరీ చేర్చింది. ఆ లెక్కన సెంటినరీ కాలనీ స్టేడియంలో పరుగు నేర్చుకునే అమ్మాయికి జీఎం ఆఫీసులో పనిచేసే ఉద్యోగినికి ఉన్న రక్షణే ఉంది.

చట్టాలు వచ్చాక ఫిర్యాదులు బయటికి రావడం పెరిగింది. 2022లో సైక్లింగ్ జట్టు స్లొవేనియాలో ఉండగా, బాలికల ఫుట్‌బాల్ జట్టు యూరప్‌లో ఉండగా వచ్చిన ఫిర్యాదులతో ఇద్దరు కోచ్‌లకు ఉద్వాసన పలికారు. 2023 జనవరిలో రెజ్లర్లు తమ సంఘం అధ్యక్షుడిపై వేధింపుల ఆరోపణలతో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ధర్నాకు కూర్చున్నారు. సంఘం అధ్యక్షుడు బ్రిజ్‌భూషణ్ శరణ్ సింగ్ మీద ఎఫ్ఐఆర్ నమోదు కావడానికి సుప్రీంకోర్టు తలుపు తట్టాల్సి వచ్చింది. ఆయన ఆరోపణలను తోసిపుచ్చాడు. 2024 మేలో ఢిల్లీ కోర్టు అభియోగాలు మోపింది, పోక్సో కింద పెట్టిన వేరే కేసును 2025 మేలో మూసేసింది. మధ్యలో 2023 డిసెంబరులో సంఘం ఎన్నికల్లో ఆయన మనిషే గెలిచాడు, రెజ్లర్ సాక్షి మలిక్ బూట్లు బల్ల మీద పెట్టి కుస్తీకి సెలవు చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో హకీంపేట క్రీడా పాఠశాలలో బాలికల నుంచి ఆరోపణలు వచ్చాయని తెలంగాణ ప్రభుత్వం ఒక అధికారిని తప్పించి విచారణ వేసింది. కోల్‌బెల్టు నుంచి ఆడపిల్లను క్రీడా హాస్టల్‌కు పంపే తల్లిదండ్రులకు ఢిల్లీ ధర్నా కన్నా ఆ వార్తే దగ్గరగా తగిలి ఉంటుంది.

ఇతర తప్పులకు క్రీడలు ఎంత కచ్చితంగా ఉంటాయో చూస్తే ఈ మౌనం ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కావాలని ఉత్ప్రేరకం వాడి మొదటిసారి దొరికితే నాలుగేళ్ల నిషేధం అని ప్రపంచ డోపింగ్ నిరోధక నియమావళి ముందే చెబుతుంది. ఫిక్సింగ్ ఆరోపణలపై హైదరాబాదీ కెప్టెన్ మహమ్మద్ అజారుద్దీన్‌ను బీసీసీఐ 2000 డిసెంబరులో జీవితాంతం వెలివేసింది, ఏ క్రిమినల్ కోర్టు తీర్పు కోసమూ ఆగలేదు. 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. 2019లో ఆయన హైదరాబాద్ క్రికెట్ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆ నిషేధం ఒప్పో తప్పో అలా ఉంచితే, ఆటకు ద్రోహం జరిగిందనుకున్నప్పుడు సంఘాలు సొంతంగా విచారించగలవని, శిక్షించగలవని తేలింది. ఆడపిల్లకు ద్రోహం జరిగినప్పుడే కోర్టు చెప్పాలి అంటూ చేతులు కట్టుకుంటాయి.

తిరిగి రానివ్వాలా వద్దా అన్నదానికి ఒకే మాట అందరికీ సరిపోదు. అప్పీలులో నిర్దోషిగా తేలినవాడికి తలుపు మూయడం అన్యాయం. శిక్ష పూర్తిచేసినవాడు క్లబ్బులో ఆడుకుని పొట్టపోసుకోవడాన్ని చట్టం అడ్డుకోదు, అడ్డుకోనక్కర్లేదు కూడా. జాతీయ జట్టు ఎంపిక మాత్రం హక్కు కాదు. ఎన్నికల్లో పోటీకి ప్రజాప్రాతినిధ్య చట్టం పెట్టినట్టు, విడుదల తర్వాత ఇన్నేళ్లు అన్న గడువును సంఘాలు ముందే రాసిపెట్టుకోవచ్చు. ఆ చట్టంలో అత్యాచార నేరానికి అది ఆరేళ్లు. కోచ్, సెలక్టర్, హాస్టల్ వార్డెన్ వంటి కొలువుల్లోకి మాత్రం పిల్లలపై నేరం రుజువైనవాడు ఎన్నేళ్లు గడిచినా రాకూడదు. అక్కడ ప్రతిభ మాటే రాదు.

అలా ఆపాలంటే ముందు తెలియాలి. లైంగిక నేరస్తుల జాతీయ డేటాబేస్‌ను 2018 సెప్టెంబరులో దాదాపు 4.4 లక్షల పేర్లతో ప్రారంభించారు. అది పోలీసులకు, దర్యాప్తు సంస్థలకే కనిపిస్తుంది. ఊళ్లో కబడ్డీ అకాడమీ పెట్టినవాడు కోచ్‌ను తీసుకునే ముందు అందులో చూసుకోలేడు. జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుడు లారీ నాసర్ లైంగిక నేరాల కేసు వెలుగులోకి వచ్చిన రోజుల్లో, 2017లో అమెరికాలో మొదలైన సేఫ్‌స్పోర్ట్ కేంద్రం నిషేధితుల జాబితాను అందరికీ అందుబాటులో పెట్టింది. పిల్లల్ని జిమ్నాస్టిక్స్‌కో టెన్నిస్‌కో పంపే అక్కడి తెలుగు కుటుంబాలు ఆ జాబితాలో కోచ్ పేరు కొట్టి చూసుకోవచ్చు. భారత పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం మహిళల, మైనర్ల రక్షణకు సురక్షిత క్రీడా విధానం ఉండాలంది, సంఘాలకు గుర్తింపునిచ్చే జాతీయ క్రీడా బోర్డును, వివాదాలకు ట్రైబ్యునల్‌ను ఏర్పాటు చేయాలంది. శిక్ష పడినవారి తిరుగు ప్రవేశానికి గడువు పెట్టాలన్నా, కోచ్‌ల పూర్వాపరాలు చూడటం తప్పనిసరి చేయాలన్నా ఇక ఆ విధానం కిందే రాసుకోవాలి.